రోహిణి కార్తెలో పాత కారు ఏసీ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మన పెద్దలు. బల్లార్షాలో మా పక్కింటి మరాఠీవాళ్లు ఆ రోజుల్ని నవ్‌తపా అంటారు. పేరేదైనా, మా చంద్రపూర్ జిల్లాలో అప్పుడు 45 డిగ్రీలు దాటడం మామూలే. 2009లో అలాంటి ఒక మధ్యాహ్నం మా కాక తన 1993 నాటి మారుతి కారుకు ఏసీ గ్యాస్ కొట్టించుకొచ్చాడు. లోపల మిగిలిన పాత గ్యాస్‌ని వాల్వు నొక్కి వదిలేశారట, కాసేపు బుస్సుమందట. కొత్త గ్యాస్‌తో కొన్నాళ్లు చల్లగానే ఉంది. మూడో వారంలో కంప్రెసర్ గరగరలాడి పట్టేసింది.

చంద్రపూర్‌లో మరో మెకానిక్‌కి చూపించాం. కరీంనగర్ నుంచి వచ్చి స్థిరపడినవాడు. విప్పి చూసి, "నూనె మార్చకుండ గ్యాస్ కొట్టిండ్రు కాకా, లోపలంతా ఎండిపోయింది" అన్నాడు. ఆ ఒక్క మాటలో బోలెడు రసాయనశాస్త్రం ఉంది.

"గ్యాస్ అయిపోయింది" అంటుంటాం గానీ, ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది. రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో అది వేడిని బయటికి వదిలి ద్రవమవుతుంది. సన్నని దారిగుండా డ్యాష్‌బోర్డు వెనక ఉన్న కాయిల్‌లోకి దూకి, అక్కడ మళ్లీ ఆవిరవుతూ మన చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుందని అర్థం. లీకు వెతకకుండా గ్యాస్ నింపడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

కాక కారులో మొదట ఉన్నది ఆర్-12 అనే గ్యాస్, అందులో క్లోరిన్ ఉంటుంది. దాన్ని వాడుకలోకి తెచ్చిన అమెరికా ఇంజనీరు థామస్ మిడ్గ్లీ, 1930లో ఆ గ్యాస్‌ని అందరి ముందు పీల్చి, ఆ ఊపిరితో కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. విషం కాదు, మండదు, తొందరగా విడిపోదు. ఆ విడిపోకపోవడమే కొంప ముంచింది. గాలిలో కలిస్తే సుమారు వందేళ్లు ఉంటుంది, చెక్కుచెదరకుండా ఓజోన్ పొర దాకా చేరుతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాలు తగిలి క్లోరిన్ ఊడివస్తుంది. అది ఓజోన్‌ని వరసగా చీలుస్తూ పోతుంది. 1974లో మోలినా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి చెప్పారు, 1987లో ఇలాంటి గ్యాసుల్ని ఆపడానికి దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశంలో ఈ రకం గ్యాసుల ఉత్పత్తి 2008లో ఆగింది. మొదటి మెకానిక్ షెడ్డులో బుస్సుమని పోయిన గ్యాస్ ఇప్పటికీ మన నెత్తిమీదే ఉండి ఉంటుంది. దాన్ని మెషిన్‌తో సిలిండర్‌లోకి లాగి ఉండాల్సింది. ఈ మాట గట్టిగా చెప్పేవాళ్లు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

దాని బదులు కొత్తగా నింపిన ఆర్-134ఎ అనే గ్యాస్‌లో క్లోరిన్ లేదు. కానీ పాత మినరల్ నూనె దానితో కలవదు. కంప్రెసర్‌ని తడిపే నూనె గ్యాస్‌తో పాటు పైపులన్నీ తిరిగి రావాలి. కలవని నూనె కాయిల్‌లోనే పేరుకుపోతుంది, కంప్రెసర్‌కి తిరిగి రాదు. పైగా ఆర్-12లోని క్లోరిన్ లోహం మీద అరుగుదలను తగ్గించే సన్నని పొర కట్టేది, ఇప్పుడు అదీ లేదు. ఆర్-134ఎ కోసమే తయారైన కార్లలో పోసే పీఏజీ అనే సింథటిక్ నూనె పాత క్లోరిన్ అవశేషాలు తగిలితే చెడిపోవచ్చు. అందుకే గ్యాస్ మార్చిన పాత కార్లకు చాలామంది ఎస్టర్ అనే మరో రకం సింథటిక్ నూనె వాడతారు.

తేమను పీల్చే డ్రయ్యర్, పైపుల అతుకుల్లో ఉండే రబ్బరు ఓ రింగులు కూడా మార్చాల్సిందే. ఏసీ పైపులు విప్పితే తేమ చొరబడుతుంది కాబట్టి వ్యాక్యూమ్ పెట్టి దాన్నీ లాగేయాలి. తర్వాత గ్యాస్ పాత లెక్కలో 80 నుంచి 90 శాతమే నింపాలి. ఎక్కువైతే కూలింగ్ పెరగదు, ఒత్తిడి పెరుగుతుంది.

ఒత్తిడి సంగతి మా ఊళ్లో ఇంకా ముఖ్యం. 20 డిగ్రీల దగ్గర రెండు గ్యాసుల ఒత్తిడీ దాదాపు ఒకటే. 60 డిగ్రీల దగ్గర ఆర్-12ది సుమారు 15 బార్లు (బార్ అంటే ఒత్తిడి కొలత), ఆర్-134ఎది దాదాపు 17. బయట 45 ఉన్నప్పుడు కండెన్సర్ అంతకంటే బాగా వేడెక్కితే గానీ వేడిని వదల్లేదు. అందుకే డిసెంబరులో బాగా పనిచేసిన బండి మే నెలలో సతాయిస్తుంది. మా మెకానిక్ కండెన్సర్ కడిగి, ముందు ఒక ఫ్యాన్ అదనంగా బిగించాడు.

కొందరు చవగ్గా అవుతుందని వంటగ్యాస్ లాంటిదో, ఇళ్లలోని పాత ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాస్‌నో నింపుతారు. దయచేసి ఒప్పుకోవద్దు. మొదటిది లీకైతే కారులోనే మంట అంటుకోవచ్చు, రెండోదాని ఒత్తిడికి పాత హోసులు పగలొచ్చు.

ఆర్-134ఎ కూడా శాశ్వతం కాదు. ఓజోన్‌ని ముట్టుకోకపోయినా, బరువుకు బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణ ప్రకారం మన దేశం 2032 నుంచి ఇలాంటి గ్యాసుల్ని తగ్గించుకుంటూ రావాలి. అప్పుడు దీన్నీ గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకే పట్టాలి.

కంప్రెసర్ మార్చి, పైపులు కడిగి, అన్నీ బిగించాక ఆ మెకానిక్ బానెట్ కింద ఒక కాగితం అంటించి పైన టేప్ వేశాడు. ఆర్-134ఎ, ఎస్టర్ నూనె, ఎన్ని గ్రాములు, ఏ తేదీ అని రాశాడు. రేపు ఆ బానెట్ ఎత్తే మెకానిక్ ఎవరైనా, గ్యాస్ సిలిండర్ మూత తీసేముందు దాన్ని చదవాలి కదా.