రెండు ఐడెంటిటీ సర్వర్లు, ఒకే సీరియల్ నంబరు: అపోహలు - వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కళాశాలలు, ఆసుపత్రులు, కార్యాలయాల సర్వర్లు చూసుకోవడం నా వృత్తి. ఉద్యోగుల లాగిన్లు, పాస్‌వర్డ్‌లు, కంప్యూటర్ల అనుమతులు ఒకేచోట నడిపేందుకు వీటిలో చాలాచోట్ల ఫ్రీఐపీఏ వాడుతున్నారు. ఉచితం, నమ్మదగినది. సర్వర్ అసలుదేనని బ్రౌజర్‌కు చూపే గుర్తింపు పత్రాలను, అంటే సర్టిఫికెట్లను, తానే జారీ చేసుకునే సర్టిఫికెట్ అథారిటీ, అంటే సీఏ, దానితోనే వస్తుంది. చిక్కు పుట్టేది కూడా అక్కడే.

ఒక సంస్థకు తిరుపతిలో ప్రధాన కార్యాలయం, చిత్తూరులో శాఖ ఉన్నాయి. రెండుచోట్లా వేర్వేరు మనుషులు, వేర్వేరు కాలాల్లో ఫ్రీఐపీఏ పెట్టారు. ఇద్దరూ సంస్థ పేరునే రెల్మ్‌గా, అంటే ఆ లాగిన్ వ్యవస్థ మొత్తానికి పెట్టే పేరుగా, ఇచ్చారు. పొద్దున తిరుపతి సర్వర్ పేజీ తెరిచిన ఉద్యోగి, మధ్యాహ్నం అదే ల్యాప్‌టాప్‌లో చిత్తూరు సర్వర్ పేజీ తెరిస్తే ఫైర్‌ఫాక్స్ అడ్డుకుంది. ‘సెక్ ఎర్రర్ రీయూజ్డ్ ఇష్యూయర్ అండ్ సీరియల్’ అన్నది ఆ సందేశం. మామూలు హెచ్చరికల్లో ఉండే ‘ప్రమాదమైనా ముందుకు వెళ్తాను’ బటన్ కూడా అందులో ఉండదు. దాంతో కంగారు మొదలవుతుంది: ‘సార్, సర్వర్ హ్యాక్ అయిందా?’

అపోహ: ఇది హ్యాకింగ్, లేదంటే గడువు తీరిన సర్టిఫికెట్.

గడువు తీరితే బ్రౌజర్ ఆ మాటే చెబుతుంది. ఇక్కడి ఫిర్యాదు వేరు: జారీ చేసినవారి పేరు ఒకటే, సీరియల్ నంబరు ఒకటే, సర్టిఫికెట్లు మాత్రం రెండు. అలాగని ఊహతో వదిలేయకండి. రెండు సర్వర్లలోనూ ఉన్న ఐపీఏ సీఏ సర్టిఫికెట్ ఫైలును ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే టూల్‌తో తెరిచి ఇష్యూయర్ (జారీ చేసినవారు), సీరియల్, ఫింగర్‌ప్రింట్ (ఆ సర్టిఫికెట్‌కే ప్రత్యేకమైన గుర్తు) పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి రెండూ కలిసి, ఫింగర్‌ప్రింట్ వేరైతే రోగం దొరికినట్టే. బ్రౌజర్‌కు వచ్చిన సర్టిఫికెట్ ఈ రెండు సీఏలలో దేనిదీ కాకపోతే మాత్రం భయపడాల్సిందే.

అపోహ: రెండు సర్వర్లకూ మధ్య సంబంధమే లేదు. పేరు కలిస్తే నష్టమేముంది?

అసలు తప్పంతా ఈ ఆలోచనలోనే ఉంది. ఇంటర్నెట్ సర్టిఫికెట్ల ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 5280 ప్రకారం ఒక సీఏ జారీ చేసే ప్రతి సర్టిఫికెట్‌కూ సీరియల్ నంబరు వేరుగా ఉండాలి. ఇష్యూయర్ పేరు, సీరియల్ కలిస్తే ప్రపంచంలో ఒకే సర్టిఫికెట్‌ను సూచించాలి. ఫ్రీఐపీఏ మామూలుగా పెట్టే సీఏ పేరు ‘సర్టిఫికెట్ అథారిటీ’, దాని పక్కన రెల్మ్ పేరు. అంటే రెల్మ్ ఒకటైతే సీఏ పేరూ అక్షరం తేడా లేకుండా ఒకటే. ఇక సీరియల్ నంబర్లు పాత పద్ధతిలో 1 నుంచి వరుసగా నడుస్తాయి. సీఏ సొంత సర్టిఫికెట్‌ది 1, ఆ వెనుకే మిగతావి. ఒకే బోర్డు ఇద్దరు విద్యార్థులకు ఒకే హాల్ టికెట్ నంబరు ఇచ్చినట్టు ఉంటుంది పరిస్థితి. సర్వర్ల మధ్య తీగ లేకపోవచ్చు. ఆ రెండూ ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో కలుస్తాయి.

అపోహ: చిత్తూరు సర్వర్‌కు కొత్త సర్టిఫికెట్ జారీ చేస్తే సరిపోతుంది.

కొత్తదానికి తర్వాతి నంబరు వస్తుంది కాబట్టి ఒక్కోసారి పేజీ తెరుచుకుంటుంది కూడా. కానీ 1వ నంబరు సీఏ సర్టిఫికెట్లు రెండూ అలాగే ఉన్నాయి. రేపు తిరుపతి సర్వర్ ఈ కొత్త సర్టిఫికెట్ నంబరుకు చేరగానే ఇదీ తగులుకుంటుంది.

అపోహ: బ్రౌజర్‌లో పాత సర్టిఫికెట్ తీసేస్తే సమస్య పోతుంది.

ఇది సగం నిజం. పాత సర్వర్‌ను తుడిచి అదే పేరుతో మళ్లీ పెట్టినప్పుడు సరైన వైద్యం ఇదే: ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో సర్టిఫికెట్ల జాబితా తెరిచి, అథారిటీస్, సర్వర్స్ విభాగాల్లోని పాతవి తొలగించి, బ్రౌజర్ మూసి తెరవాలి. అయితే రెండు సర్వర్లూ బతికే ఉంటే, రెండో పేజీ తెరిచిన రోజే జబ్బు తిరగబెడుతుంది.

తొందరలో కొందరు ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్‌లో సర్టిఫికెట్లు దాచే సెర్ట్9.డీబీ ఫైలునే చెరిపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ బ్రౌజర్‌లోకి దించుకున్న వ్యక్తిగత సర్టిఫికెట్లు కూడా ఆ ఫైలుతో పోతాయి.

సర్వర్ మార్చాక లైనక్స్ క్లయింట్లు (ఆ సర్వర్‌కు కలిపే కంప్యూటర్లు) చేరకపోతే, వాటిలో మిగిలిన పాత సీఏ ఫైలును కూడా అనుమానించండి. క్లయింట్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఆ ఫైలు తీసేసి, మళ్లీ చేర్చాలి.

అపోహ: ఒకే సీఏ తాళాన్ని (సంతకం చేసే రహస్య కీని) రెండు సర్వర్లలోనూ పెడితే గొడవ ఉండదు.

నేను గట్టిగా వద్దనే సలహా ఇదే. అప్పుడు ఒకే సీఏ నిజంగానే ఒకే నంబరుతో రెండు సర్టిఫికెట్లు ఇస్తుంది. చిత్తూరులో 40వ నంబరును రద్దు చేస్తే, ఆ రద్దు జాబితా చదివే యంత్రాలు తిరుపతిలో సక్రమంగా ఉన్న 40వ నంబరునూ తిరస్కరిస్తాయి. రెండుచోట్లా అవే ఉద్యోగులు, అదే సంస్థ అయితే రెండో సర్వర్‌ను రెప్లికాగా, అంటే మొదటిదానితో అదే సమాచారం పంచుకునే జంట సర్వర్‌గా, పెట్టండి. సీరియల్ నంబర్లను రెప్లికాలు తమలో తాము వాటాలుగా పంచుకుంటాయి. విడివిడిగానే ఉండాలంటే రెల్మ్ పేరు వేరుగా ఇవ్వండి, ఇన్‌స్టాల్ సమయంలో ‘సీఏ సబ్జెక్ట్’ ఆప్షన్‌తో సీఏ పేరునూ ప్రత్యేకంగా పెట్టండి. రెండింటినీ పైనున్న ఒకే రూట్ (మూల సీఏ) కింద సబార్డినేట్ (దాని కింది) సీఏలుగా తెచ్చినా పేర్లు వేరుగా ఉండాల్సిందే.

అపోహ: కొత్త వెర్షన్‌లో యాదృచ్ఛిక సీరియల్ నంబర్లు ఉన్నాయి, పేరు గురించి ఆలోచించనక్కర్లేదు.

2022లో వచ్చిన ఫ్రీఐపీఏ 4.10 నుంచి ఆ సౌకర్యం ఉంది, తప్పక వాడండి. దాన్ని ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎంచుకోవాలి. నంబర్లు కలవకపోయినా ఒకే పేరుతో రెండు సీఏలు ఉంటే, సంతకం ఏ తాళంతో సరిచూడాలో తేల్చుకోవడంలో సాఫ్ట్‌వేర్లు తడబడతాయి.

ఇప్పటికే రెండూ నడుస్తుంటే తక్కువ మంది వాడే సర్వర్‌ను కొత్త పేరుతో మళ్లీ పెట్టడమే నా సలహా. పెట్టిన సర్వర్‌కు రెల్మ్ పేరు మార్చడం కుదరదు. యూజర్లను మైగ్రేషన్ కమాండ్‌తో తెచ్చుకోవచ్చు. పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ల గుప్త రూపాలు) వస్తాయి గానీ, లాగిన్‌ను సరిచూసే కెర్బెరోస్ పద్ధతికి కావాల్సిన తాళాలు రావు. అవి తయారయ్యేందుకు ప్రతి ఉద్యోగీ మైగ్రేషన్ పేజీలో ఒకసారి లాగిన్ కావాలి. ఆ సంగతి అందరికీ ముందే చెప్పి, సెలవు రోజు చూసుకుని పని మొదలుపెట్టండి.