శాకాహారంతో బరువు తగ్గేటప్పుడు ఆకలి: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, డైట్ బాగానే ఉంది గానీ సాయంత్రం ఐదయ్యేసరికి ఆకలి చంపేస్తోంది." ఈ మాట వినని రోజు నా క్లినిక్‌లో ఉండదు. అనేవాళ్ళలో ఎక్కువమంది శాకాహారులే. పుట్టుకతో ముట్టనివాళ్ళు కొందరు, డాక్టరు చెప్పాక మానేసినవాళ్ళు కొందరు. ఈమధ్య పాలు, పెరుగు కూడా వదిలేసిన వీగన్ పిల్లలూ వస్తున్నారు. "నాకు కంట్రోల్ లేదండీ" అని వాళ్ళను వాళ్ళే తిట్టుకుంటారు. నేను కంట్రోల్ గురించి అడగను. రేపు మధ్యాహ్నం కంచం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమంటాను. చాలాసార్లు జవాబు ఆ ఫోటోలోనే దొరుకుతుంది.

అపోహ: ఆకలేస్తోందంటే కొవ్వు కరుగుతున్నట్టే, ఓర్చుకోవాలి

బరువు తగ్గేకొద్దీ ఆకలి పెరగడం నిజమే. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో అప్పట్లో పరిశోధకుడిగా ఉన్న కెవిన్ హాల్ బృందం వేసిన లెక్క ప్రకారం, తగ్గిన ప్రతి కిలోకీ రోజుకు సుమారు 100 కేలరీల చొప్పున ఆకలి పెరుగుతుంది. అంటే ఐదు కిలోలు తగ్గిన మనిషి ఒళ్ళు, చట్నీతో ఐదారు ఇడ్లీలు అదనంగా పెట్టమని రోజూ అడుగుతూ ఉంటుంది. దాన్ని పళ్ళు బిగబట్టి ఎన్నాళ్ళు ఆపుతారు? పది రోజులు ఆపగలరు. పదకొండో రోజు పెళ్ళి భోజనం తగులుతుంది. ఆకలిని ఓర్చుకునే పద్ధతి కంటే, అదే కేలరీల్లో కడుపు నిండే పద్ధతి వెతుక్కోవడం నయం.

ఒక జాగ్రత్త. షుగరుకు ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళకు చేతులు వణికి, చెమటలు పట్టి, గబుక్కున ఆకలి వేస్తే అది డైట్ ఆకలి కాదు. గ్లూకోమీటరులో 70 కంటే తక్కువ చూపిస్తే ముందు గ్లూకోజో పంచదారో తీసుకోండి, తరవాత మందు మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడండి.

అపోహ: మాంసం, గుడ్డు లేకపోతే కడుపు నిలవదు

2021లో అదే కెవిన్ హాల్ బృందం ఇరవై మందిని నాలుగు వారాలు తమ దగ్గరే ఉంచుకుని చూసింది. రెండు వారాలు కొవ్వు తక్కువగా ఉన్న మొక్కల ఆహారం, రెండు వారాలు మాంసం, కొవ్వు ఎక్కువగా ఉన్న కీటో ఆహారం. ఎంత కావాలంటే అంత తినమన్నారు. మొక్కల ఆహారం తిన్న రోజుల్లో వాళ్ళంతట వాళ్ళే రోజుకు దాదాపు 690 కేలరీలు తక్కువ తిన్నారు. ఆకలి ఎక్కువైందని మాత్రం చెప్పలేదు.

ఇందులో మాయేమీ లేదు. కూరగాయలు, పప్పులు, దుంపల్లో నీళ్ళు, పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ. కడుపు సాగితే మెదడుకు కబురు వెళ్తుంది, ఆ సాగడానికి కావలసింది పరిమాణం. మరి మన శాకాహారులకు ఈ ఫలితం ఎందుకు రావడం లేదంటే, మనం తినేది శాకాహారమే గానీ అందులో శాకం తక్కువ. అన్నం కొండ, పక్కన గరిటెడు కూర, పైన నెయ్యి.

అపోహ: రోజూ పప్పు తింటున్నాం, ప్రొటీన్‌కు లోటేముంది?

నేను ఎక్కువగా వాదించేది దీని మీదే. వంటగదిలోకి వెళ్ళి కొలుద్దాం. నలుగురున్న ఇంట్లో మధ్యాహ్నానికి కుక్కరులో పడేది టీ గ్లాసుడు కందిపప్పు. నా దగ్గరున్న చిన్న కాటా మీద పెడితే నూరు గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. నూరు గ్రాముల కందిపప్పులో ప్రొటీన్ దాదాపు 22 గ్రాములు. నలుగురికి పంచితే మనిషికి అయిదున్నర. అదే పప్పుచారు అయితే అరగ్లాసే వేస్తారు, కాబట్టి మూడు గ్రాములు కూడా రాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. డెబ్భై కిలోల మనిషికి 58 గ్రాములు. బరువు తగ్గేవాళ్ళకు కండ కరగకుండా నేను ఇంకాస్త ఎక్కువే చెబుతాను. ఎక్కడ మూడు, ఎక్కడ యాభై ఎనిమిది!

మన ఇళ్ళలో పప్పు అన్నం గొంతు దిగడానికి కలుపుకునే వస్తువు అయిపోయింది. నేను దాన్ని తిరగేయమంటాను: పప్పులోకి అన్నం కలుపుకోండి. మనిషికి యాభై గ్రాముల పప్పు, తోటకూరో బచ్చలో గోంగూరో వేసి గట్టిగా, ముద్దపప్పులా. బియ్యం అరవై, డెబ్భై గ్రాములకు దించండి. పక్కన కంచంలో మూడో వంతు బీరకాయో సొరకాయో పొట్లకాయో. ఇవి నూరు గ్రాములు తిన్నా ఇరవై కేలరీల చుట్టూనే ఉంటాయి, పోపులో నూనె చెంచాకు మించనంతవరకు. ఈ కంచం చూసి "ఇంత తినాలా?" అని భయపడినవాళ్ళున్నారు. తినాలి.

పప్పులో ప్రొటీన్ అసంపూర్ణం అంటారు కదా అని అడుగుతారు. పప్పులో తగ్గేది బియ్యంలో ఉంది, బియ్యంలో తగ్గేది పప్పులో ఉంది. రోజు మొత్తంలో రెండూ తింటే చాలు, ఒకే ముద్దలో కలవాలని లేదు.

అసలు ఇబ్బంది గ్యాస్. పప్పు రెట్టింపు చేసిన మొదటి వారం ఫోన్లు వస్తాయి. పప్పుధాన్యాల్లోని కొన్ని రకాల పిండిపదార్థాలు చిన్నపేగులో అరగవు, పెద్దపేగులో సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి, అందుకే ఉబ్బరం. సెనగలు, అలసందలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికించండి. మొదట పెసరపప్పుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడక్కుండా పప్పు పెంచొద్దు.

పెరుగు మానేసిన వీగన్లకు ఇంకో చిక్కుంది. చివర పెరుగన్నం పోయేసరికి భోజనం ముగిసినట్టే అనిపించదు, అరగంటలో ఏదో ఒకటి వెతుక్కుంటారు. వాళ్ళకు మీల్‌మేకర్ మంచి దారి. ఎండు మీల్‌మేకర్ నూరు గ్రాముల్లో ప్రొటీన్ యాభై గ్రాముల దాకా ఉంటుంది. వేడినీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండి, కూరలో వేస్తే ముప్పై గ్రాములు ఒక మనిషికి చాలు. పనిలో పనిగా బి12 మాత్ర కూడా. మొక్కల ఆహారంలో అది దొరకదు, ఇందులో బేరాల్లేవు.

అపోహ: అన్నం మానేసి చపాతీ తింటే తగ్గుతారు

నూరు గ్రాముల బియ్యం, నూరు గ్రాముల గోధుమపిండి కేలరీల్లో దాదాపు సమానం. గోధుమలో ప్రొటీన్, పీచు ఎక్కువ, అంతే. నూనె రాసి కాల్చిన నాలుగు చపాతీలు, ఆలూ కుర్మా తినేవాళ్ళు అన్నమే తినొచ్చు.

ఆలూ అన్నాను కాబట్టి ఒక మాట. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసాన్ హోల్ట్ బృందం 38 రకాల ఆహారాలను ఒక్కొక్కటి 240 కేలరీల లెక్కన పెట్టి, ఏది ఎంత కడుపు నింపిందో కొలిచింది. తెల్ల బ్రెడ్‌ను నూరుగా తీసుకుంటే అన్నిటికంటే పైన నిలిచింది ఉడికించిన బంగాళాదుంప, 323. వెన్న దట్టించిన క్రొసాంట్ అనే ఫ్రెంచ్ బ్రెడ్డుకు వచ్చింది 47. మనం భయపడాల్సింది దుంపకు కాదు, దాన్ని వేయించే మూకుడుకు.

అపోహ: ఆకలేస్తే నీళ్ళు తాగితే సరిపోతుంది, జావ తాగితే ఇంకా మంచిది

గ్లాసుడు నీళ్ళు కడుపులో ఎక్కువసేపు నిలవవు. అమెరికాలో బార్బరా రోల్స్ అనే పోషకాహార శాస్త్రవేత్త 1999లో ఒక ప్రయోగం చేశారు. ఒకే వంటకాన్ని ఒక రోజు గట్టిగా ఇచ్చి పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టారు, ఇంకో రోజు అవే నీళ్ళు అందులో పోసి సూప్‌గా ఇచ్చారు. సూప్ తాగిన రోజు తరవాతి భోజనంలో తక్కువ తిన్నారు. నీళ్ళు విడిగా తాగిన రోజు ఆ తేడా రాలేదు. అందుకే భోజనానికి ముందు ముక్కలు దండిగా వేసిన పులుసో సాంబారో ఒక గిన్నె తాగండి.

రాగిజావ సంగతి వేరు. పల్చగా కాచి గటగటా తాగేస్తే నమిలే పనే లేదు, రెండు గంటల్లో మళ్ళీ ఆకలి. అదే రాగిపిండి సంగటిగా చేసుకుని ఆకుకూర పప్పుతో తినండి, తేడా మీకే తెలుస్తుంది. పండ్ల రసానికీ ఇదే మాట. బత్తాయి తొనలు తినండి, జ్యూసు వద్దు.

అపోహ: సాయంత్రం ఏమీ తినకూడదు

మధ్యాహ్నం ఒంటిగంటకు తిని, రాత్రి తొమ్మిదిన్నరకు తినే ఊళ్ళో ఈ సలహా ఎవరు పుట్టించారో తెలియదు. ఎనిమిదిన్నర గంటల ఖాళీ అది. ఏమీ తిననని శపథం చేసినవాళ్ళే టీతో ఆరు బిస్కట్లు తింటారు, లేదా దారిలో మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగుతారు.

నేను ఐదు గంటలకు గుగ్గిళ్ళు రాస్తాను. నలభై గ్రాముల నల్ల సెనగలు నానబెట్టి ఉడికిస్తే చిన్న గిన్నె నిండుతుంది, ఏడెనిమిది గ్రాముల ప్రొటీన్. అరచెంచా నూనెతో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, పైన ఉల్లి, నిమ్మరసం. శ్రావణమాసం వస్తే నా పని తేలిక. పేరంటాల్లో వాయనంగా వచ్చిన నానిన సెనగలు ప్రతి ఇంటి ఫ్రిజ్‌లోనూ ఉంటాయి, వాటినేం చేయాలో తెలియక నాకే ఫోన్ చేస్తారు.

సెనగల బదులు పల్లీలు తినొచ్చా అంటారు. తినొచ్చు, గుప్పెడు. ముప్పై గ్రాములకే 170 కేలరీలు దాకా ఉంటాయి, టీవీ ముందు కూర్చుంటే గుప్పెడు దగ్గర చెయ్యి ఆగదు.

నిద్ర గురించి కూడా అడుగుతాను. నైట్ షిఫ్టుల వాళ్ళు ఆకలంటే నాకు ఆశ్చర్యం లేదు. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుందని, చాలు అని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుందని కొన్ని అధ్యయనాల్లో తేలింది.

అపోహ: శనివారం ఒక్కపొద్దు ఉంటే వారమంతా తిన్నది కరిగిపోతుంది

ఒకావిడ, యాభై దాటినవారు, ఎన్నో ఏళ్ళుగా శనివారాలు ఉంటున్నారు. పొద్దున కాఫీ, రెండు గంటలకు భోజనం, రాత్రికి అన్నం లేదు, టిఫినే. ఆ టిఫిన్ ఫోటో పెట్టమన్నాను. జీడిపప్పు ఉప్మా కొండంత, పక్కన రెండు అరటిపళ్ళు, పాలగ్లాసు. "ఉపవాసం కదండీ, నీరసం రాకూడదని మా కోడలు కాస్త ఎక్కువ పెడుతుంది" అన్నారు.

ఒక్కపొద్దు మానమని చెప్పలేదు. అది దేవుడికీ ఆవిడకీ మధ్య విషయం. పొట్టు పెసలతో రెండు పెసరట్లు, అల్లం పచ్చడి, గిన్నెడు కీర ముక్కలు తినమన్నాను. నూనె కాకుండా ఉల్లిపాయ చెక్కతో పెనం తుడిచి పోయమన్నాను. పెసలు టిఫిన్ కిందకు వస్తాయా అని అత్తాకోడళ్ళు కాసేపు తర్జనభర్జన పడ్డారట. ఇప్పుడు ఆ ఇంట్లో శనివారం మధ్యాహ్నమే పెసలు నానుతున్నాయి.