లావు తీగ చుట్టినా కాలిపోతోందేం?

పాడైన ఫోన్ చార్జర్ విప్పితే పసుపు టేపు చుట్టిన చిన్న దిమ్మ కనిపిస్తుంది, అదే ట్రాన్స్‌ఫార్మర్. పాత రేడియో ఎలిమినేటర్‌లో గుయ్యిమంటూ ఉండే ఇనప దిమ్మ పనే ఇదీ చేస్తుంది, కాకపోతే సెకనుకు 50 సార్లు కాదు, 65 వేలో లక్షో సార్లు. అందుకే అంత చిన్నది. ఇలాంటిది మనమే చుట్టుకుంటే, కరెంటు ఎంత వేడిగా వృథా అవుతుందనే నష్టాల లెక్క దగ్గరే తల వాచిపోతుంది.

ముందు కోర్ సంగతి, అంటే తీగ చుట్టే దిమ్మ సంగతి. పెంకుముక్కలా పుటుక్కున విరిగే ఈ నల్లటి ఫెర్రైట్‌కి కూడా 1892లో చార్లెస్ స్టైన్‌మెట్జ్ అనే ఇంజినీరు ఇనుముకి చెప్పిన సూత్రాన్నే కాస్త మార్చి వాడతారు. ఆయన లెక్కలో ఫ్లక్స్ సాంద్రత (కోర్‌లో అయస్కాంతత్వం ఎంత దట్టంగా ఉందో చెప్పే కొలత) ఘాతం 1.6, ఫెర్రైట్‌లో సుమారు 2.5. అంటే ఫ్లక్స్ సగం చేస్తే నష్టం ఐదారో వంతుకి పడిపోతుంది! మామూలు పవర్ ఫెర్రైట్ 100 కిలోహెర్ట్జ్ (సెకనుకు లక్ష సార్లు), 200 మిల్లీటెస్లా ఫ్లక్స్ సాంద్రత, 100 డిగ్రీల వేడి దగ్గర ఘన సెంటీమీటరుకు 0.4 వాట్ల దాకా తింటుంది. ఆ అంకె సైన్ వేవ్‌కి. మన సర్క్యూట్‌లో పోయేవి పల్సులు, అవి సన్నబడేకొద్దీ నష్టం అంతకన్నా పెరుగుతుంది. పైగా చాలా ఫెర్రైట్లు చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ తింటాయి, కాబట్టి స్విచ్ వెయ్యగానే కొలిచి కంగారు పడొద్దు.

అసలు దెబ్బ రాగి దగ్గర. నేను మొదటిసారి 1 మిల్లీమీటరు తీగ మూడు పొరలు చుట్టి, మల్టీమీటరు చూపించిన ఓమ్‌లతో లెక్కేసి, అబ్బో ఏం వేడెక్కదులే అనుకున్నా. చెయ్యి పెట్టలేకపోయా. 50 హెర్ట్జ్‌లో కరెంటు రాగిలోకి 9 మిల్లీమీటర్ల దాకా దిగుతుంది, 100 కిలోహెర్ట్జ్‌లో 0.2 మాత్రమే. అది సగమే కథ. పక్క పొర అయస్కాంత క్షేత్రం ఈ తీగలోకి చొరబడి సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది, పొర మీద పొర వేసేకొద్దీ ఆ క్షేత్రం పేరుకుపోతుంది. 1966లో డోవెల్ ఇచ్చిన పద్ధతిలో లెక్కేస్తే నా మూడు పొరల నిరోధం మీటరు చూపించినదానికి దాదాపు 20 రెట్లు. లావు తీగే కొంప ముంచిందన్నమాట.

తర్వాత సన్న తీగలు పేనిన లిట్జ్ వైరు తెచ్చి, ప్రైమరీ (కరెంటు లోపలికి వచ్చే చుట్ట) సగం, దాని మీద సెకండరీ (బయటికి ఇచ్చే చుట్ట), మళ్లీ మిగతా ప్రైమరీ, ఇలా శాండ్‌విచ్‌లా చుట్టా. క్షేత్రం సగానికే పేరుకుంటుంది, దాని వల్ల వచ్చే నష్టం నాలుగో వంతుకి వస్తుంది.

ఏది తింటోందో తేలకపోతే (ఫోన్ చార్జర్లలో ఉండే, కోర్‌లో శక్తి దాచి ఇచ్చే ఫ్లైబ్యాక్ రకానికి ఇది పనికిరాదు) సెకండరీ ఊడదీసి అవే పల్సులు, అదే వోల్టేజి ఇస్తూ ఓ గంట నడపండి. కోర్ ఫ్లక్స్ లోడుతో కాదు, వోల్టేజితో వస్తుంది కాబట్టి, అప్పుడూ దాదాపు అంతే కాలితే దోషం కోర్‌ది, చల్లబడితే రాగిది.