మేకు కనపడని స్కర్టింగ్: ఒక మిస్త్రీ చెప్పే అపోహలు - వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం ఇళ్లలో గోడ అడుగున నాలుగంగుళాల టైలో గ్రానైటో స్కర్టింగ్‌గా వేయించుకోవడం పాత అలవాటు. ఇప్పుడు పడకగదుల్లోకి చెక్కలా కనిపించే పలకల నేలలు, అంటే లామినేట్ నేలలు వస్తున్నాయి. వాటి వెంటే చెక్క స్కర్టింగ్, తలుపుల చుట్టూ పట్టీలు కూడా. ఇంటివారు తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా మొదటి షరతు ఒకటే: "మిస్త్రీ గారూ, మేకు తల కనపడకూడదు." దాచడం కష్టం కాదు. ఎలా దాచాలన్న దాని మీద వినిపించే మాటల్లోనే తేడాలున్నాయి.

అపోహ: మేకులు లేకపోతే పట్టు చాలదు.

స్కర్టింగ్ ఏ బరువూ మోయదు. చీపురు, తడిగుడ్డ, అప్పుడప్పుడు మంచం కోడు తాకిడి, అంతే. అది ఊడి వస్తే చాలాసార్లు తప్పు గోడ వంకరది. నిటారైన పొడవాటి పట్టీని గోడకు ఆనించి చూడండి. మధ్యలో సందు కనిపిస్తే, అక్కడ వంచి బిగించిన చెక్క తిరిగి నిటారు కావాలని రోజూ లాగుతూనే ఉంటుంది. ముందు గోడ మీది గుబ్బలు చెక్కించండి.

అపోహ: మంచి జిగురు ఉంటే ఏ గోడకైనా అంటుకుంటుంది.

నన్ను ఎక్కువగా విసిగించే మాట ఇదే. జిగురు పట్టుకునేది గోడను కాదు, గోడ పైపొరను. ఆ పొర సున్నమో, డిస్టెంపరో, పొడి రాలే పుట్టీయో అయితే కొన్నాళ్లకు చెక్క ఆ పొరతో సహా ఊడి చేతికొస్తుంది, జిగురు మాత్రం చెక్కుచెదరదు. అరచేత్తో గోడను రుద్ది చూడండి, తెల్లగా అంటితే ప్లాస్టరింగ్ దాకా గీకవలసిందే. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు చెక్కకూ చెక్కకూ మధ్య, గట్టిగా బిగించి ఉంచినప్పుడు పనిచేసేది. ఎత్తుపల్లాలున్న గోడ మీద అది పనికిరాదు. గన్‌తో ఒత్తే నిర్మాణపు జిగురు వాడాలి. సిలికానే కావాలంటే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. సిమెంటుకూ సున్నానికీ దానితో పొత్తు కుదరదు. న్యూట్రల్ రకం అడగండి. సిలికాన్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, అదీ రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు మాత్రమే. అందుకే చెక్క వెనక చుట్టూ మూసేయకుండా, గాలి ఆడేలా నిలువు చారలుగా పెట్టాలి.

పాత పెంకుటిళ్ల సున్నపు గోడలైతే నేను జిగురు జోలికే పోను.

అపోహ: క్లిప్పులు ప్లాస్టిక్‌వి, నాలుగు రోజుల ముచ్చట.

నా ఓటు క్లిప్పులకే. దారం కొట్టి గీత గీసి, నలభై యాభై సెంటీమీటర్లకు ఒకటి, ప్రతి మూలకూ దగ్గరగా ఒకటి, గోడ రంధ్రంలో స్క్రూ పట్టుకునే ప్లగ్గు పెట్టి స్క్రూతో బిగిస్తాం. వెనక గాడి ఉన్న స్కర్టింగ్ వాటి మీద ఎక్కి కూర్చుంటుంది. క్లిప్పు, స్కర్టింగ్ ఒకే రకానివై ఉండాలి కాబట్టి రెండూ కలిపి కొనండి. అన్నిటికన్నా పెద్ద లాభం, కావాలన్నప్పుడు విప్పుకోవచ్చు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు చూసిన ప్రాంతం మనది. గదిలోకి నీళ్లు వస్తే స్కర్టింగ్ తీసి గోడను ఆరబెట్టాలి. చెదలు పట్టాయేమోనన్న అనుమానం వచ్చినా వెనక చూడాలి. జిగురుతో అంటించినదాన్ని తీయాలంటే ప్లాస్టరింగ్ పెళ్లలు కూడా ఊడతాయి.

అపోహ: స్క్రూ గుంత మీద రంపపుపొట్టు, జిగురు కలిపి పూస్తే కనపడదు.

రంగు వేసే చెక్కకు పుట్టీ చాలు. పాలిష్ పట్టే టేకుకు మాత్రం ఆ ముద్ద మచ్చలా తేలుతుంది, ఎందుకంటే జిగురు తాగిన పొట్టు పాలిష్‌ను పీల్చుకోదు. గుంతను కాస్త వెడల్పుగా తొలిచి, స్క్రూ తలను లోపలికి దించి, అదే చెక్కలోంచి కోసిన బిళ్లను పైన కొట్టాలి. బిళ్ల నార, చెక్క నార ఒకే దిక్కుకు ఉండాలి. ఆరాక ఉలితో సమం చేసి సాండ్‌పేపర్ పట్టండి.

అపోహ: నేలకు కూడా బిగిస్తే ఇంకా గట్టి.

ఇది నేలనే పాడుచేస్తుంది. లామినేట్ నేల వానాకాలం ఉబ్బుతుంది. దాని చుట్టూ ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల ఖాళీ వదిలేది అందుకే. స్కర్టింగ్ ఆ ఖాళీని కప్పాలి తప్ప నేలను కదలకుండా కట్టేయకూడదు. బిగింపు ఎప్పుడూ గోడకే. ఎం.డి.ఎఫ్. (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక) వాడితే వెనక వైపుకూ, ముఖ్యంగా అడుగు అంచుకూ బిగించకముందే ప్రైమర్ కొట్టించండి. ఆ అంచు తడి పీల్చి ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలు కాదు.

మూలలన్నీ సరిగ్గా తొంభై డిగ్రీలుంటాయన్న నమ్మకం గురించి ఎక్కువ చెప్పను. మూలమట్టం పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. డ్రిల్ ఎత్తేముందు మాత్రం ఒక పని చేయండి: ప్లగ్ పాయింట్ల నుంచి వైరు ఎటు దిగిందో, బాత్రూం గోడ అవతల పైపు ఎక్కడ నడుస్తోందో ఇంటివారినీ ఎలక్ట్రీషియన్‌నీ అడిగి గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. గుర్తు ఉన్నచోట క్లిప్పును ఒక జానెడు పక్కకు జరిపితే సరిపోతుంది.