ఎవరి దగ్గర ఎన్ని? అణుబలం లెక్కల్లో తిరకాసు

1960 ఆగస్టు 19. హవాయి దగ్గర పసిఫిక్ సముద్రం మీద, పారాషూట్‌కు వేలాడుతూ దిగుతున్న డబ్బా కోసం అమెరికా విమానం ఒకటి వెనకాల కొక్కేలు వేలాడదీసుకుని తిరుగుతోంది. రెండుసార్లు తప్పింది. మూడోసారి తగులుకుంది. డబ్బాలో ఉన్నది ఫిల్మ్ చుట్ట. కరోనా అనే గూఢచారి ఉపగ్రహం (పేరు అప్పటిదే, మన వైరస్‌తో సంబంధం లేదు) తీసిన సోవియట్ ఫొటోలు.

ఆ ఏడాది అమెరికాలో ఎన్నికలు. క్షిపణుల్లో రష్యా మనల్ని దాటిపోతోందని అధ్యక్ష అభ్యర్థి కెనడీ ప్రచారం. సాసేజ్‌లు చుట్టినట్టు క్షిపణులు చేస్తున్నామని అటు సోవియట్ నేత క్రుశ్చేవ్ గొప్పలు. ఫొటోలు వచ్చేకొద్దీ లెక్క కుంచించుకుపోయింది. 1961 సెప్టెంబరు నాటికి అమెరికా నిఘా అంచనా, సోవియట్ ఖండాంతర క్షిపణులకు 10 నుంచి 25 ప్రయోగ వేదికలు ఉండొచ్చని. నిజానికి ఉత్తర రష్యాలోని ప్లెసెట్స్క్‌లో, సోవియట్ల తొలి ఖండాంతర క్షిపణి ఆర్-7కు కట్టినవి నాలుగే.

ఆ నాలుగైనా యుద్ధానికి పనికొచ్చేవా అంటే అనుమానమే. ఆర్-7 ద్రవ ఆక్సిజన్‌తో నడుస్తుంది. అది మైనస్ 183 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి నింపి ఉంచలేరు. ప్రయోగానికి ముందు గంటల తరబడి నింపుకోవాలి, ఈలోగా శత్రువు కొట్టేస్తే అంతే. అంతరిక్ష ప్రయాణానికి మాత్రం భలే కుదిరింది. 1984లో మన రాకేశ్ శర్మను మోసుకెళ్లింది ఈ వంశపు రాకెట్టే.

సంఖ్య పోనీ, సైజు చూద్దామా? 1961 అక్టోబరు 30న సోవియట్లు పేల్చిన బాంబు 50 మెగాటన్నులు (అంటే 5 కోట్ల టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానం), హిరోషిమా బాంబుకు సుమారు 3,300 రెట్లు. కానీ పేలుడు అన్ని వైపులకూ వ్యాపిస్తుంది కాబట్టి, దెబ్బ చేరే దూరం శక్తికి ఘనమూలంలోనే పెరుగుతుంది. 3,300 రెట్ల శక్తికి దక్కేది 15 రెట్ల దూరం. కాంక్రీటు సైలోలో (భూమిలో కట్టిన బావిలాంటి గొయ్యి) దాచిన క్షిపణిని కొట్టాలంటే గురి ముఖ్యం. గురి తప్పే దూరాన్ని సగానికి తగ్గించడమంటే బాంబు శక్తిని ఎనిమిది రెట్లు పెంచినట్టే. అందుకే గురి కుదిరేకొద్దీ అమెరికా వార్‌హెడ్లు (క్షిపణి మోసుకెళ్లే అణుబాంబులు) చిన్నవయ్యాయి. మెగాటన్నులు మాత్రమే కూడితే అది బలహీనతలా కనిపిస్తుంది!

ఒప్పందాల లెక్కలూ ఇలాగే ఉంటాయి. అమెరికా, రష్యాల మధ్య 2010లో కుదిరి, 2026 ఫిబ్రవరిలో గడువు ముగిసిన న్యూ స్టార్ట్ ఒప్పందం, మోహరించినవి చెరో 1,550 వార్‌హెడ్లు చాలంది. అందులో బాంబర్ విమానం ఎన్ని మోసినా ఒకే వార్‌హెడ్ కింద లెక్కేసేవారు. అమెరికా బాంబర్ బీ-52 మాత్రం అణు వార్‌హెడ్ ఉన్న క్రూయిజ్ క్షిపణులు (విమానంలా ఎగిరి వెళ్లేవి) 20 మోయగలదు.