పిడుదుల టీకా: జర్మనీ, ఆస్ట్రియా వెళ్లే మనవాళ్ల అపోహలు - వాస్తవాలు

ఏటా ఏప్రిల్‌లో మా అమలాపురం క్లినిక్‌కి జబ్బు లేని పేషెంట్లు కొందరు వస్తుంటారు. అబ్బాయికి మ్యూనిక్‌లోనో స్టట్‌గార్ట్‌లోనో ఉద్యోగం. మూడు నెలల వీసా మీద వెళ్లి, మనవడితో గడిపి, ఇక్కడి ఎండలు తగ్గాక తిరిగి రావాలని వాళ్ల ఆలోచన. మూడు నెలలకు సరిపడా బీపీ, షుగర్ మాత్రలు రాయించుకుంటారు. మొన్న అలా వచ్చిన ఒక పెద్దాయన, "మావాడు పిడుదులకి ఏదో టీకా వేయించుకోమంటున్నాడండీ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గేదెలకి పిడుదులు పీకిన చేతులండీ ఇవి. ఇప్పుడు నాకెందుకండీ టీకా?" అని అడిగారు. ఈ ప్రశ్న చాలామందికి ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అపోహ: పిడుదులు మనకి అలవాటే, మనకేమీ కాదు.

మన పాకలో గేదెకి పట్టే పిడుదు వేరు, అక్కడి అడవుల్లో గడ్డి మీద కాచుకుని ఉండే ఐక్సోడిస్ జాతి పిడుదు వేరు. ఆ పిడుదుల్లో కొన్నింటి లాలాజలంలో మెదడువాపు తెచ్చే వైరస్ ఉంటుంది. ఆ జబ్బు పేరు టిక్ బోర్న్ ఎన్‌సెఫలైటిస్, పొట్టిగా టీబీఈ. (పేరులో టీబీ వినబడుతుందని క్షయ అనుకోవద్దు, బీసీజీకీ దీనికీ సంబంధం లేదు.) జర్మనీలో దీన్ని ఎఫ్ఎస్ఎంఈ అంటారు. అక్కడి డాక్టరు దగ్గర ఈ పేరే చెప్పండి. దక్షిణ జర్మనీలోని బవేరియా, బాడెన్ వుర్టెంబర్గ్, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లో ఎక్కువ భాగం, చెక్, స్లొవేనియా, బాల్టిక్ దేశాలు, స్వీడన్‌లో స్టాక్‌హోమ్ పరిసరాలు దీనికి పేరుపడ్డ చోట్లు. రష్యా మీదుగా జపాన్‌లోని హొక్కాయిడో దాకా ఉంది. మన గేదెల పిడుదులు ఎన్నిసార్లు కరిచినా ఈ వైరస్ నుంచి రక్షణ రాదు.

అపోహ: మా పిల్లలకి చిన్నప్పుడే మెదడువాపు టీకా వేయించాం.

చదువుకోవడానికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా చెప్పేది ఇదే. వరిచేల నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ, పందులు, కొంగలు ఉన్న మన ప్రాంతంలో మెదడువాపు అనగానే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ గుర్తురావడం సహజం. తొమ్మిదో నెలలో ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి వేసే టీకా దాని కోసం. డెంగీ, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, టీబీఈ మూడూ ఒకే కుటుంబపు వైరస్‌లే. అయినా ఒకదాని టీకా మరొకదాన్ని ఆపదు.

అపోహ: పిడుదు కనబడగానే పీకేస్తే సరిపోతుంది.

వెంటనే తీసెయ్యాల్సిందే, కానీ దానితో సరిపోదు. పిడుదుల వల్ల వచ్చే మరో జబ్బు లైమ్ విషయంలో, సాధారణంగా ఒక రోజైనా పిడుదు ఒంటిని పట్టుకుని ఉంటేనే బ్యాక్టీరియా మన ఒంట్లోకి చేరుతుంది. టీబీఈ వైరస్ అలా కాదు. కరిచిన కొద్ది నిమిషాల్లోనే లాలాజలంతో పాటు దిగిపోతుంది. పైగా పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది, కరిస్తే నొప్పి తెలియదు. జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి తమని పిడుదు కరిచిన సంగతే గుర్తుండదు.

తీసేటప్పుడు కిరసనాయిలు పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నిదానంగా నిటారుగా లాగాలి.

అపోహ: జ్వరం వచ్చి తగ్గిపోయింది, ఇంక భయం లేదు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఈ వైరస్ సోకినవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. జబ్బు బయటపడేవాళ్లలో తరచుగా రెండు దశలుగా వస్తుంది. కరిచిన వారం, రెండు వారాలకి జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. సుమారు వారం రోజులు మనిషి బాగానే తిరుగుతాడు. ఆ తర్వాత మళ్లీ తీవ్రమైన జ్వరం, భరించలేని తలనొప్పి, మెడ పట్టేయడం, తికమక, కొందరికి చేతులు చచ్చుబడటం. ఈ రెండో దశ వచ్చే వేళకి మనవాళ్లు అమలాపురంలోనో భీమవరంలోనో దిగి ఉండవచ్చు. ఇక్కడ మేం ముందు డెంగీ, మలేరియా, టైఫాయిడ్ వైపే చూస్తాం. అందుకే యూరప్ నుంచి వచ్చిన నెల లోపు జ్వరమొస్తే, ఎక్కడికి వెళ్లొచ్చారో, అడవుల్లో తిరిగారో లేదో డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

ఈ వైరస్‌ని చంపే మందు లేదు. యూరప్ రకంలో మరణాలు నూటికి ఒకటి, రెండే అయినా, రెండో దశ దాటి బతికినవాళ్లలో చాలామందికి జ్ఞాపకశక్తి, నడక, వినికిడి ఇబ్బందులు మిగిలిపోతాయి.

అపోహ: ఇలాంటి టీకాలు కొండలెక్కే కుర్రాళ్లకి, పెద్దవాళ్లకెందుకు?

నిజం దీనికి తలకిందులు. వయసు పెరిగే కొద్దీ టీబీఈ తీవ్రంగా వస్తుంది. అక్కడ పిడుదులు చురుగ్గా ఉండేది ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా. మన పెద్దవాళ్లు వెళ్లేది సరిగ్గా అప్పుడే. కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళ్తే వీళ్లు చేసే పని, మనవడిని బండిలో కూర్చోబెట్టుకుని ఇంటి వెనక చెట్ల దారిలో నడవడం. పిడుదు చెట్టు మీంచి రాలిపడదు. గడ్డి మీద, చిన్న పొదల్లో ఉండి, రాసుకుంటూ వెళ్లేవాళ్లకి అంటుకుంటుంది. లుంగీ, చీర, చెప్పులతో వెళ్లేవాళ్లకి ఇంకా సులువుగా ఎక్కుతుంది.

అలాగని యూరప్ వెళ్లే ప్రతివారికీ ఈ టీకా రాయను. పది రోజుల టూరులో పారిస్, రోమ్ చూసొచ్చేవాళ్లకి అనవసరం. ఏ దేశం, ఏ నెల, ఎన్నాళ్లు, గడ్డిలో ఎంత తిరుగుతారు అన్న నాలుగు సంగతులు అడిగి చెబుతాను.

అపోహ: టీకా వల్లే మెదడువాపు వస్తుందట!

ఇది చంపిన వైరస్‌తో చేసిన టీకా, జబ్బు తేలేదు. చెయ్యి నొప్పి, ఒకట్రెండు రోజుల నలత, పిల్లలకైతే కాస్త జ్వరం రావచ్చు. కోడిపిండం కణాల్లో పెంచుతారు కాబట్టి గుడ్డు తింటే ప్రమాదకరమైన ఎలర్జీ వచ్చేవాళ్లు ముందే చెప్పాలి. ఆస్ట్రియాలో ఒకప్పుడు ఏటా వందల కేసులు ఉండేవి. 1981లో దేశమంతా టీకాలు మొదలుపెట్టాక బాగా తగ్గాయి.

అపోహ: మేకపాలు పచ్చిగా తాగితే మంచిది, దానికీ పిడుదుకీ ఏం సంబంధం?

ఉంది. వైరస్ సోకిన మేక, గొర్రె, ఆవుల పచ్చిపాలు, వాటితో చేసిన చీజ్ వల్ల కూడా ఈ జబ్బు వస్తుంది. గుమ్మపాల మీద ఇష్టం ఉన్నవాళ్లు అక్కడి కొండ పొలాల్లో ఆ ముచ్చట మానుకోండి. కాచిన పాలతో భయం లేదు.

అపోహ: ఇదొక్కటి వేయించుకుంటే పిడుదు జబ్బులేవీ రావు.

లైమ్‌కి ఇది పనిచెయ్యదు. కర్ణాటక షిమోగా అడవుల్లో 1957లో బయటపడ్డ, పిడుదుల వల్లే వచ్చే కేఎఫ్‌డీ (క్యాసనూర్ అటవీ జ్వరం)కీ పనిచెయ్యదు. కాబట్టి నిండు ప్యాంటు, సాక్సులు, ఇంటికొచ్చాక ఒళ్లంతా వెతుక్కోవడం టీకా తర్వాత కూడా తప్పవు.

ఇక ఆ పెద్దాయనకి ఏం చెప్పానంటే: ఇది మన ఊరి మందుల షాపులో అడిగితే ఇచ్చే టీకా కాదు కనుక, దిగిన వారంలోనే కొడుకుని డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోమన్నాను. మామూలుగా రెండో డోసు ఒకటి నుంచి మూడు నెలలకి వేస్తారు. ఎఫ్ఎస్ఎంఈ ఇమ్యున్ అనే బ్రాండు టీకా అయితే తొందర ఉన్నవాళ్లకి 14 రోజులకే వెయ్యవచ్చు. ఆ తర్వాత రెండు వారాలకి తగిన రక్షణ వస్తుంది. అప్పటిదాకా గడ్డిలో అడుగు పెట్టవద్దన్నాను. ఏడాది దాటిన మనవడికీ పిల్లల టీకా ఉంది, అదీ అడగమన్నాను. ఎఫ్ఎస్ఎంఈ ఇమ్యున్ అయితే మూడో డోసు రెండోదాని తర్వాత 5 నుంచి 12 నెలల మధ్య పడాలి. అక్కడ ఇచ్చే టీకా పుస్తకం జాగ్రత్తగా తెచ్చుకుంటే, వచ్చే వేసవికి మళ్లీ వెళ్లినప్పుడు అదీ పూర్తవుతుంది.