కెనడా వైద్యానికి దారి వేసిన సస్కాచవాన్

కెనడాలో ఉంటున్న మన తెలుగువాళ్ల హెల్త్ కార్డు కేంద్రం ఇచ్చేది కాదు. ఒంటారియోలో ఉంటే ఒంటారియో, ఆల్బెర్టాలో ఉంటే ఆల్బెర్టా ప్రభుత్వం ఇస్తుంది. డాక్టరుకు ఫీజు కట్టక్కర్లేని ఈ పద్ధతి మొదలైంది కూడా ఒక ప్రావిన్సులోనే. అదీ డబ్బున్న చోట కాదు, కరవుకు చితికిపోయి తేరుకున్న గోధుమ పొలాల సస్కాచవాన్‌లో.

దాన్ని మొదలుపెట్టిన టామీ డగ్లస్ 1904లో స్కాట్లండ్‌లో పుట్టారు. చిన్నప్పుడు కాలి ఎముకకు ఇన్ఫెక్షన్ సోకింది. కుటుంబం కెనడాలోని విన్నిపెగ్ వచ్చాక అది ముదిరి, కాలు తీసేయాలన్నారు డాక్టర్లు. విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి ఒప్పుకుంటే ఉచితంగా వైద్యం చేస్తానని ఒక సర్జన్ ముందుకొచ్చారు. కాలు దక్కింది. పేదింటి పిల్లాడి వైద్యం ఎవరి దయ మీదా ఆధారపడకూడదని డగ్లస్ జీవితాంతం చెబుతూ వచ్చారు.

1930లో సస్కాచవాన్‌లోని వేబర్న్ పట్టణంలో పాస్టర్‌గా చేరారు. కరవు, ఆర్థిక మాంద్యం కలిసి ఊళ్లను నాశనం చేస్తున్న రోజులవి. 1935లో సీసీఎఫ్ అనే సోషలిస్టు పార్టీ తరఫున పార్లమెంటుకు వెళ్లారు. 1944లో ఆ పార్టీ సస్కాచవాన్‌లో 52 సీట్లకు 47 గెలిచింది. డగ్లస్ ప్రీమియర్ అయ్యారు, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి.

ఆయన చరిత్రలో ఒక మచ్చ ఉంది, దాన్ని దాచకూడదు. 1933 నాటి ఎం.ఏ. థీసిస్‌లో మానసిక లోపాలున్నవారికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలని రాశారు. అధికారంలోకి వచ్చాక మాత్రం ఆ దారిలో వెళ్లలేదు.

1947లో ఆసుపత్రి ఖర్చుకు బీమా తెచ్చారు. డాక్టరు ఫీజు సంగతి మాత్రం చాలా ఏళ్లు ఆగింది, ఖజానాలో డబ్బు లేదు. 1957లో ఆసుపత్రి ఖర్చులో వాటా ఇస్తామని కేంద్రం చట్టం చేశాక చేతిలో వెసులుబాటు దొరికింది. 1960 ఎన్నికల్లో ఇదే మాట మీద గెలిచి, 1961లో బిల్లు తెచ్చారు.

అదే ఏడాది డగ్లస్, సీసీఎఫ్ స్థానంలో కొత్తగా పుట్టిన ఎన్‌డీపీ (న్యూ డెమోక్రాటిక్ పార్టీ)కి జాతీయ నాయకుడిగా వెళ్లిపోయారు. అసలు దెబ్బలు తిన్నది ప్రీమియర్ కుర్చీలోకి వచ్చిన వుడ్రో లాయిడ్. 1962 జులై 1న చట్టం అమల్లోకి రాగానే డాక్టర్లు సమ్మెకు దిగారు. ప్రభుత్వ నౌకర్లుగా మారిపోతామేమోనని వాళ్ల భయం. జనంలోనూ ఒకటే టెన్షన్. బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించారు. 23 రోజులకు రాజీ కుదిరింది: డాక్టర్ల ప్రాక్టీసు డాక్టర్లదే, బిల్లు మాత్రం ప్రభుత్వం కడుతుంది. కెనడాలో నేటికీ చాలావరకు ఇదే ఏర్పాటు. లాయిడ్‌ను జనం తగినంత గుర్తుపెట్టుకోలేదని నా బాధ.

1964లో లాయిడ్ ఓడిపోయారు. గెలిచిన లిబరల్ పార్టీ కూడా పథకాన్ని రద్దు చేయలేదు. 1966లో దేశమంతటా ఇలాంటి పథకాల కోసం కేంద్రం చట్టం చేసింది, 1972 కల్లా అన్ని ప్రావిన్సులూ చేరాయి. డాక్టర్లు రోగి దగ్గర పైన డబ్బు తీసుకునే అలవాటుకు 1984 చట్టం అడ్డుకట్ట వేసింది. డగ్లస్ 1986లో కన్నుమూశారు.

పళ్ల వైద్యం, ఇంటికి కొనుక్కునే మందులు ఈ పథకాల బయటే మిగిలిపోయాయి. డగ్లస్ నడిపిన ఎన్‌డీపీయే 2022లో మద్దతు ఒప్పందం ద్వారా లిబరల్ ప్రభుత్వాన్ని ఆ రెండింటి వైపూ కదిలించింది.